పైసా ఖర్చు లేని డబ్బు పాఠాలు: ఆర్‌బీఐ, ఎన్‌సీఎఫ్‌ఈ, సెయింట్ లూయిస్ ఫెడ్ సామగ్రిలో క్లాసుకు పనికొచ్చేది ఏది?

ఆర్థికశాస్త్రం, బ్యాంకింగ్, ఇంటి డబ్బు లెక్కలు నేర్పడానికి ఉచితంగా దొరికే సామగ్రికి ఇప్పుడు కొదవ లేదు. కొదవల్లా తెలుగు మీడియం తొమ్మిదో తరగతిలోనో, పొదుపు సంఘం మీటింగులోనో నలభై నిమిషాల్లో నడిచే పాఠానికే. రిజర్వ్ బ్యాంకు బుక్‌లెట్లు, జాతీయ ఆర్థిక విద్యా కేంద్రం (ఎన్‌సీఎఫ్‌ఈ) కోర్సు, అమెరికా కేంద్ర బ్యాంకు వ్యవస్థ ‘ఫెడ్’లో భాగమైన సెయింట్ లూయిస్ బ్యాంకు పాఠాలు, వీటన్నిటినీ ఇక్కడ ఆ కొలతతోనే తూచాం. తేలిందేమిటో ముందే చెప్పేస్తాం. మోసాల గురించి, బ్యాంకు ఖాతా గురించి చెప్పాలంటే ఆర్‌బీఐ సామగ్రే మేలు. పాఠం కట్టే పద్ధతి మాత్రం సెయింట్ లూయిస్ వాళ్ల దగ్గరే నేర్చుకోవాలి. అయితే వాళ్ల పద్ధతితో పాటు వాళ్ల వ్యవస్థను కూడా మన క్లాసులోకి తెచ్చేస్తే పిల్లలకు తప్పు నేర్పినట్టే.

ఆర్‌బీఐ వెబ్‌సైట్‌లో ఫైనాన్షియల్ ఎడ్యుకేషన్ విభాగంలో మొదట దించుకోవాల్సింది ‘ఫేమ్’ బుక్‌లెట్. తెలుగులోనూ ఉంది. కేవైసీ (ఖాతాదారు గుర్తింపు), నామినేషన్ (మన తర్వాత డబ్బు ఎవరి చేతికివ్వాలో రాసివ్వడం), బడ్జెట్, తాహతుకు మించని అప్పు, చక్రవడ్డీ, ఫిర్యాదు చేసే దారి, ఇలా విడివిడి అంశాలుగా సాగుతుంది. ఏ బ్యాంకు పేరూ, ఏ పాలసీ పేరూ ఎత్తదు. ‘అవగాహన సదస్సు’ పేరుతో వచ్చి చివర్లో దరఖాస్తు ఫారాలు పంచే పాంప్లెట్లకూ దీనికీ తేడా అదే. లోపం ఏమిటంటే ఇది మంచిమాటల పుస్తకం, చేతితో చేసే పని ఇందులో తక్కువ. ‘నామినీని పెట్టుకోండి’ అంటుంది కానీ ఫారం చూపించదు. కాబట్టి దగ్గర్లోని బ్యాంకు శాఖ నుంచి ఖాళీ నామినేషన్ ఫారం ఒకటి తెచ్చి జిరాక్సులు తీయించి, పిల్లలతో నింపించాలి. అప్పుడే అసలు సందేహం బయటికొస్తుంది: నామినీ అయితే డబ్బంతా వాళ్లదేనా? కాదు. బ్యాంకు డబ్బు అప్పజెప్పేది నామినీకే అయినా, వారసుల హక్కు అలాగే ఉంటుంది. ఇంకో జాగ్రత్త. 2025 నవంబర్ 1 నుంచి ఒక డిపాజిట్‌కు నలుగురి దాకా నామినీలను పెట్టుకోవచ్చు. పాత ఫారాలూ పాత స్లైడ్లూ ఇంకా ఒక్కరి దగ్గరే ఆగి ఉంటాయి.

మోసాల మీద ఆర్‌బీఐ తెచ్చినవి రెండు. ‘బీ అవేర్’ 2022 మార్చిలో వచ్చింది. ‘రాజు అండ్ ద ఫార్టీ థీవ్స్’ నలభై మోసాలను బొమ్మలతో చెప్పే పుస్తకం. రెండూ అంబుడ్స్‌మన్ (బ్యాంకుల మీద ఫిర్యాదులు తేల్చే ఆర్‌బీఐ అధికారి) కార్యాలయాలకు వచ్చిన ఫిర్యాదుల నుంచి పుట్టినవే కాబట్టి ఊహాగానాలు లేవు. ‘బీ అవేర్’ అల్లిక క్లాసుకు చక్కగా కుదురుతుంది. ముందు మోసగాడు ఏం చేస్తాడో వరుస క్రమంలో ఉంటుంది, తర్వాత జాగ్రత్తలు ఉంటాయి. పాత వస్తువులు అమ్మే సైట్ల మోసాన్నే తీసుకోండి. కొంటానన్నవాడు డబ్బు పంపకుండా యూపీఐలో ‘రిక్వెస్ట్ మనీ’ పంపేవాడు (వ్యక్తుల మధ్య ఈ సదుపాయం 2025 అక్టోబర్‌లో ఆగిపోయింది). అమ్మేవాళ్లు డబ్బు వస్తోందనుకుని పిన్ కొట్టేవాళ్లు, ఖాతాలోంచి పోయేది. ఈ పేజీని ఇచ్చినది ఇచ్చినట్టు చదివించకండి. జాగ్రత్తల భాగాన్ని మడిచేసి, మోసం వరుసను మాత్రమే ముక్కలుగా కత్తిరించి కలిపేసి ఇవ్వండి. సరైన వరుసలో పేర్చమనండి, ఏ అడుగు దగ్గర ఆగి ఉంటే డబ్బు మిగిలేదో గీత గీయమనండి. డబ్బు రావడానికి పిన్ అక్కర్లేదన్న సంగతి అప్పుడు చెప్పకుండానే తడుతుంది.

ఈ బుక్‌లెట్లు వచ్చిన ఏడాదిని బట్టి వాటి హద్దు తెలుసుకోవాలి. ‘డిజిటల్ అరెస్ట్’ పేరుతో వీడియో కాల్‌లో పోలీసు వేషం కట్టే మోసం ఆ తర్వాత పెరిగింది. దాన్ని టీచరే చేర్చుకోవాలి. అంతకంటే పెద్ద వెలితి, మోసం జరిగిపోయాక మొదటి గంటలో ఏం చేయాలన్నది ఒకే చోట కొట్టొచ్చినట్టు కనబడకపోవడం. ఆ కార్డు మీరే తయారు చేసుకోండి: ముందు సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్, వెంటనే బ్యాంకుకు ఫిర్యాదు, ఫిర్యాదు నంబరు రాసిపెట్టుకోవడం. బ్యాంకు 30 రోజుల్లో తేల్చకపోతే ఆర్‌బీఐ అంబుడ్స్‌మన్‌కు ఆన్‌లైన్ ఫిర్యాదు. దారి తెలియకపోతే అడగడానికి ఆర్‌బీఐ ఫోన్ నంబరు 14448.

ఇక్కడ చాలామంది ట్రైనర్లు ఒక మాట జారతారు: ‘మూడు రోజుల్లో చెబితే డబ్బంతా వెనక్కొస్తుంది’ అని. 2017 జూలై 6 నాటి ఆర్‌బీఐ సర్క్యులర్ చెప్పింది అది కాదు. తప్పు బ్యాంకుదీ కాదు, ఖాతాదారుదీ కాదు, మధ్యలో ఎక్కడో జరిగిందన్నప్పుడు మూడు పనిదినాల్లోపు చెబితే నష్టం సున్నా. ఓటీపీ మనమే చెప్పి ఉంటే, బ్యాంకుకు తెలియజేసే క్షణం దాకా పోయిన సొమ్ము మన నెత్తినే. చెప్పిన తర్వాత పోయిందే బ్యాంకు భరిస్తుంది. అందుకే ‘మూడు రోజులుంది కదా’ అన్న భరోసా ఇవ్వకూడదు, నిమిషాల లెక్క చెప్పాలి.

ఎన్‌సీఎఫ్‌ఈ సంగతి వేరు. ఆర్‌బీఐ, సెబీ (షేర్లు), ఐఆర్‌డీఏఐ (బీమా), పీఎఫ్‌ఆర్‌డీఏ (పెన్షన్) అనే నియంత్రణ సంస్థలు నాలుగూ కలిసి పెట్టిన సంస్థ కాబట్టి బ్యాంకు, షేరు, బీమా, పెన్షన్ అన్నీ ఒకే గొడుగు కింద దొరుకుతాయి. ఆన్‌లైన్ కోర్సు ఇరవై మాడ్యూళ్లు, ఉచితం, చివర్లో సర్టిఫికెట్ కూడా ఇస్తారు. సీబీఎస్‌ఈతో కలిసి ఆరు నుంచి పదో తరగతి దాకా వర్క్‌బుక్‌లు వేశారు. టీచర్ తాను నేర్చుకోవడానికి కోర్సు బాగానే ఉంటుంది. పిల్లలకు నేరుగా ఇస్తే మాత్రం నడవదు, ఎందుకంటే అది నెలజీతం వచ్చే ఇంటిని ఊహించుకుని రాసినట్టుంటుంది. పంట డబ్బు ఏడాదికి ఒకటి రెండుసార్లు వచ్చే ఇంటికి ‘నెలసరి బడ్జెట్’ పట్టిక అతకదు. దాన్ని ఖరీఫ్, రబీ అని రెండు నిలువు వరుసలుగా మార్చి, విత్తనం ఎరువుల ఖర్చు ముందు, రాబడి వెనక వచ్చేలా గీస్తే అప్పు ఏ నెలలో అవసరమవుతుందో పిల్లలే చెబుతారు.

వడ్డీ పాఠంలోనూ అంతే. పుస్తకాలన్నీ సంవత్సరానికి ఇంత శాతం అని మొదలుపెడతాయి. మన ఊళ్లలో నూటికి నెలకు ఎన్ని రూపాయలన్నదే లెక్క. అక్కడి నుంచే మొదలుపెట్టాలి. రెండు రూపాయల వడ్డీకి యాభై వేలు తెస్తే నెలకు వెయ్యి, ఏడాదికి పన్నెండు వేలు, అంటే 24 శాతం. మూడు రూపాయలైతే 36. పావలా వడ్డీ పథకం గుర్తున్న సంఘం సభ్యులకు అది ఏడాదికి 3 శాతమని క్షణంలో తడుతుంది. ఈ మెట్టు ఎక్కాక ‘ఫ్లాట్ రేటు’ (అసలు తగ్గుతున్నా మొదటి అప్పు మొత్తం మీదే వడ్డీ వేయడం) గుట్టు విప్పొచ్చు. ఈ అంశం ఏ ఉచిత పుస్తకంలోనూ ఉండాల్సినంత లోతుగా లేదు కాబట్టి లెక్క పూర్తిగా ఇస్తున్నాం.

లక్ష రూపాయల బండి లోను, 12 శాతం ఫ్లాట్, పన్నెండు నెలలు. వడ్డీ 12,000. మొత్తం 1,12,000. నెలకు కట్టేది 9,333. అందులో అసలు 8,333, వడ్డీ 1,000. మొదటి నెల లక్ష మీద వెయ్యి, అంటే రూపాయి వడ్డీ, బాగానే ఉంది. ఆరు వాయిదాలు కట్టాక మిగిలిన అసలు యాభై వేలు. ఏడో నెల వడ్డీ మాత్రం అదే వెయ్యి. అంటే రెండు రూపాయల వడ్డీ అయింది. పన్నెండో నెలలో మిగిలిన అసలు 8,333, దాని మీద వెయ్యి. నూటికి పన్నెండు రూపాయలు! బోర్డు మీద ఈ మూడు వరుసలు రాస్తే చాలు. తగ్గే బాకీ మీద లెక్కగడితే అసలు రేటు ఏడాదికి దాదాపు 21.5 శాతం తేలుతుంది. ఎక్సెల్‌లో చూడాలంటే రేట్ ఫంక్షన్‌లో 12, మైనస్ 9333.33, 100000 వరసగా ఇచ్చి, వచ్చిన జవాబును 12తో హెచ్చించండి. వాయిదా ముందు మైనస్ గుర్తు మర్చిపోతే ఎర్రర్ వస్తుంది, చాలామంది అక్కడే ఆగిపోతారు.

దీని తర్వాత పిల్లల చేతికి ఇవ్వాల్సిన కాగితం ‘కీ ఫ్యాక్ట్స్ స్టేట్‌మెంట్’. 2024 అక్టోబర్ 1 నుంచి కొత్తగా ఇచ్చే రిటైల్ లోన్లకు, చిన్న పరిశ్రమల టర్మ్ లోన్లకు ఇది తప్పనిసరి. ఫీజులన్నీ కలిపిన వార్షిక శాతం అందులో ఉంటుంది. అందులో రాయని ఛార్జీని అప్పు తీసుకున్నవాళ్ల ఒప్పుకోలు లేకుండా వసూలు చేయకూడదు. పేర్లు కొట్టేసిన నమూనా ఒకటి దొరికితే అది ఒక మాడ్యూల్ పెట్టు.

కేంద్ర బ్యాంకు పాఠానికి వస్తే ఆర్‌బీఐ సొంత సామగ్రే వెనకబడి ఉంది. ‘మనీ కుమార్’, ‘రాజు’ కామిక్స్ 2007లో ఆర్థిక విద్య సైటు మొదలైనప్పటివి. బొమ్మలు ముచ్చటగానే ఉంటాయి. కానీ వడ్డీ రేటును నిర్ణయించే ద్రవ్య విధాన కమిటీ వచ్చింది 2016లో. ద్రవ్యోల్బణాన్ని 4 శాతం దగ్గర, అటూ ఇటూ 2 శాతం హద్దులో ఉంచాలన్న లక్ష్యమూ అప్పటిదే. రెపో రేటుకు (బ్యాంకులకు ఆర్‌బీఐ ఇచ్చే అప్పు మీద వడ్డీ) కిందా పైనా ఉండే వడ్డీల నడవాకు కింది అంచు రివర్స్ రెపో నుంచి ఎస్‌డీఎఫ్‌కు మారింది 2022 ఏప్రిల్‌లో; రెండూ బ్యాంకులు మిగులు డబ్బును ఆర్‌బీఐ దగ్గర ఉంచితే వచ్చే వడ్డీ రేట్లే. ఈ మూడూ లేని కామిక్‌తో ‘ఆర్‌బీఐ ఇప్పుడు ఏం చేస్తుంది’ అని చెబితే పాఠం పాతబడిపోయినట్టే. కోచింగ్ నోట్సుల్లో చాలావాటికీ ఇదే జబ్బు, ఇంకా రివర్స్ రెపోనే కింది అంచుగా బట్టీ పట్టిస్తున్నాయి. ఆ రేటు 3.35 శాతం దగ్గరే నిలిచిపోయి ఉంది, నడవాతో దానికి ఇప్పుడు పని లేదు.

మంచి పాఠ్యం ఆర్‌బీఐ వెబ్‌సైట్‌లోనే ఉంది, కాకపోతే విద్య విభాగంలో లేదు. కమిటీ తీర్మానం, ఆ తర్వాత పద్నాలుగో రోజున వచ్చే మినిట్స్. ఆరుగురిలో ఎవరు ఎటు ఓటేశారో, ఎందుకో మినిట్స్‌లో ఉంటుంది. 2025 జూన్ సమావేశం క్లాసుకు బాగా సరిపోతుంది. రెపోను అర శాతం తగ్గించి 5.50 చేయాలని ఐదుగురు, పావు శాతం చాలని ఒకరు. ఎస్‌డీఎఫ్ 5.25, నడవా పై అంచు ఎంఎస్‌ఎఫ్ 5.75 అయ్యాయి. సీఆర్‌ఆర్‌ను (బ్యాంకులు డిపాజిట్లలో ఆర్‌బీఐ దగ్గర ఉంచాల్సిన నగదు వాటా) కూడా 4 నుంచి 3 శాతానికి నాలుగు విడతల్లో తగ్గిస్తామన్నారు. ఆరుగురు పిల్లలను కమిటీగా కూర్చోబెట్టి, ఒక్కొక్కరి వాదనలో రెండేసి వాక్యాలు తెలుగులో రాసిస్తే అరగంటలో చర్చ రగులుతుంది. ఓట్లు సమానమైతే గవర్నర్‌కు రెండో ఓటు ఉంటుందన్నది మొదట చెప్పకండి. మూడు మూడుగా చీలే దాకా ఆగండి. ఇంకొకటి, కాల్ మనీ అంటే పుస్తకంలో బ్యాంకులు ఒకదానికొకటి రాత్రికి రాత్రి ఇచ్చుకునే అప్పు. విజయవాడ చుట్టుపక్కల పిల్లలకు మాత్రం 2015 నాటి వడ్డీ వ్యాపారుల గొడవే గుర్తొస్తుంది. ముందే తేడా చెప్పకపోతే ఆర్‌బీఐ ఆ వడ్డీ వ్యాపారులను నడిపిస్తుందనుకుంటారు.

ఇప్పుడు సెయింట్ లూయిస్. అమెరికా ఫెడరల్ రిజర్వ్‌లో భాగమైన ఈ బ్యాంకు ‘ఎకాన్ లోడౌన్’ పేరుతో పాఠాలన్నీ ఉచితంగా పెట్టింది. టీచర్ ఖాతా తెరిచి, క్లాసు సృష్టించి, మాడ్యూళ్లు కేటాయిస్తే పిల్లల జవాబులు వాటంతటవే దిద్దుకుంటాయి. ముందు పరీక్ష, తర్వాత పరీక్ష రెండూ ఉంటాయి కాబట్టి పాఠం వల్ల ఏం మారిందో కనబడుతుంది. కాగితం మీద ఇచ్చే లెసన్ ప్లాన్లు ఇంకా మేలు. ఎంత సమయం, ఏ సామాన్లు, టీచర్ అడగాల్సిన ప్రశ్న, పక్కనే రావాల్సిన జవాబు, కరపత్రాలు, మూల్యాంకనం, అన్నీ ఉంటాయి. మన శిక్షణ పుస్తకాల్లో కరువైంది ఇదే.

డబ్బు పెరిగితే ధరలు ఎలా పెరుగుతాయో చూపడానికి అమెరికా టీచర్లు ఎప్పట్నుంచో వాడే వేలంపాట ఆటను చింతపిక్కలతో ఆడించొచ్చు. మొదటి రౌండులో ఒక్కొక్కరికి పది పిక్కలు, వేలానికి ఐదు వస్తువులు. రెండో రౌండులో ఇరవై పిక్కలు, అవే ఐదు వస్తువులు. ధరలు బోర్డు మీద పక్కపక్కన రాయాలి. చెడేది ఎక్కడంటే, మొదటి రౌండు పిక్కలు మిగిలినవాళ్లు జేబులో వేసుకుంటారు. వాటిని వసూలు చేయకపోతే రెండో రౌండు లెక్క గందరగోళమవుతుంది. ధరలు సరిగ్గా రెట్టింపు కావు కూడా. కొందరు చివరిదాకా పట్టుకుని కూర్చుంటారు. ‘డబ్బు ఉండటం వేరు, చేతులు మారడం వేరు’ అన్న సంగతి అక్కడే చెప్పాలి.

జాగ్రత్త పడాల్సింది నిజాల దగ్గర. ఫెడ్ 2020 మార్చిలో బ్యాంకుల తప్పనిసరి నిల్వలను సున్నా చేసింది. అందుకే వాళ్ల కొత్త పాఠాల్లో నిల్వలపై ఇచ్చే వడ్డీయే ప్రధాన పనిముట్టు. మన సీఆర్‌ఆర్ బతికే ఉంది, దానిపై ఆర్‌బీఐ వడ్డీ ఇవ్వదు. అక్కడ డిపాజిట్ బీమా రెండున్నర లక్షల డాలర్లు. ఇక్కడ 2020 ఫిబ్రవరి 4 నుంచి ఒక బ్యాంకులో ఒక్కొక్కరికి అసలూ వడ్డీ కలిపి ఐదు లక్షల రూపాయలు. ఒకే బ్యాంకు రెండు శాఖల్లో వేసినా ఐదే. డాలస్‌లోనో న్యూజెర్సీలోనో చదువుకుంటున్న తెలుగు పిల్లలకైతే ఏ మార్పూ లేకుండా ఉన్నదున్నట్టు ఇచ్చేయొచ్చు.

అదే బ్యాంకు నడిపే ‘ఫ్రెడ్’ గణాంకాల నిధి మన పాఠానికీ పనికొస్తుంది, ముఖ్యంగా రూపాయి-డాలర్ మారకం. వెతికే పెట్టెలో డీఈఎక్స్‌ఐఎన్‌యూఎస్ అని ఇంగ్లిష్ అక్షరాల్లో కొడితే 1973 నుంచి రోజువారీ రేటు వస్తుంది. అప్పుడు డాలర్‌కు ఎనిమిది రూపాయల దగ్గర ఉండేది. ‘ఎడిట్ గ్రాఫ్’ నొక్కి, ఫ్రీక్వెన్సీని యాన్యువల్‌కు, లెక్క పద్ధతిని యావరేజ్‌కు మార్చండి, గీత నున్నగా అవుతుంది. 1991 జూలైలో రూపాయి విలువ తగ్గించిన గంతు మాత్రం రోజువారీలోనే స్పష్టంగా కనబడుతుంది, అందుకని రెండూ ప్రింటు తీసుకోండి. మూడు చోట్ల పొరబడతారు. గీత పైకి పోతే రూపాయి బలపడిందనుకుంటారు, నిజానికి బలహీనపడింది. బూడిదరంగు పట్టీలు మన మాంద్యాలనుకుంటారు, అవి అమెరికావి. గీత మధ్యలో ఖాళీలు కనబడితే డేటా పోయిందనుకుంటారు, అవి అక్కడి సెలవులు. భారత్ ధరల సూచీకి మాత్రం ఫ్రెడ్‌ను నమ్ముకోవద్దు. గణాంక శాఖ సైటుకో, ఆర్‌బీఐ డేటా సైటుకో వెళ్లండి.

పాఠ్యపుస్తకాల గురించి ఒక్క ముక్క. ఎస్‌సీఈఆర్‌టీ, ఎన్‌సీఈఆర్‌టీ పీడీఎఫ్‌లు ఉచితం, ఎస్‌సీఈఆర్‌టీవి తెలుగులో ఉన్నాయి, భాష బుక్‌లెట్ల కంటే ఎంతో నయం. అంకెలు మాత్రం సరిచూసుకోవాలి. ఎన్‌సీఈఆర్‌టీ పదో తరగతి ‘డబ్బు, పరపతి’ పాఠం పాత ముద్రణల్లో బ్యాంకులు డిపాజిట్లలో 15 శాతం నగదుగా ఉంచుతాయని ఉండేది. ఇప్పటి సీఆర్‌ఆర్‌కూ దానికీ పొంతన లేదు.

షేర్ల వైపు వెళ్తే సెబీ ఇన్వెస్టర్ సైటు, ‘సారథి’ యాప్ చాలు. సెబీ పెట్టిన శిక్షణ సంస్థ ఎన్‌ఐఎస్‌ఎం నడిపే సెబీ ఇన్వెస్టర్ పరీక్ష కూడా ఉచితం. 2025 జనవరి సర్క్యులర్‌లో సెబీ విద్య పేరుతో టిప్పులు ఇచ్చేవాళ్లకు ముకుతాడు వేస్తూ, గత మూడు నెలల షేరు ధరలను వాడితే అది విద్య కిందికి రాదంది. కాబట్టి స్క్రీన్ మీద లైవ్ ధరలు నడిపిస్తూ ‘ఉచిత క్లాసు’ అనేవాళ్ల దగ్గరికి పిల్లలను పంపకండి. మీ వర్క్‌షీట్‌లోనూ పాత ధరలే వాడండి.

చివరిగా, ఏ బుక్‌లెట్‌లోనూ లేని అభ్యాసం ఒకటి ఆర్‌బీఐ సర్వే నుంచే తీసుకోవచ్చు. ధరలు ఎంత పెరిగాయనుకుంటున్నారు, మూడు నెలల్లో, ఏడాదిలో ఎంత పెరుగుతాయనుకుంటున్నారు అని ఆర్‌బీఐ హైదరాబాద్ సహా నగరాల్లోని ఇళ్లను అడిగి ఫలితాలు ప్రచురిస్తుంది. అదే మూడు ప్రశ్నలు పిల్లలు ఇంట్లో ఇద్దరిని, వీధిలో ముగ్గురిని అడిగి రావాలి. జవాబులను చిన్నదాని నుంచి పెద్దదానికి పేర్చి మధ్యది తీయాలి. సగటు తీస్తే ‘యాభై శాతం’ అన్న ఒక్క జవాబు లెక్కంతా లాగేస్తుంది. ఆ నెల అధికారిక ద్రవ్యోల్బణం పక్కన పెడితే జనం చెప్పింది దాదాపు ఎప్పుడూ ఎక్కువే ఉంటుంది. ఎందుకని అడిగితే ఉల్లి, టమాటా, నూనె పేర్లే వినబడతాయి. 2012 ఆధార సంవత్సరంగా నడిచిన సూచీలో ఆహార పానీయాల వాటా 45.86 శాతం. మిగతా సగంలో ఏమున్నాయో, వాటి ధర పెరగడం ఇంట్లో ఎవరికీ ఎందుకు గుర్తులేదో ఆ పీరియడ్‌లోనే వెతికించండి. అద్దె, బస్సు ఛార్జీ, ఫోన్ రీఛార్జి దగ్గరికి వచ్చేసరికి గంట కొడుతుంది, కాబట్టి వరసగా రెండు పీరియడ్లు అడిగి పెట్టుకోండి.